ఎర్లీన్ పాట, వెర్నెల్ భయం

చికాగో పడమటి పేటలో వెర్నెల్ ప్రూయిట్ దేనికీ భయపడదని అందరూ అనుకుంటారు. ఒకసారి ఆమె బ్యూటీ పార్లర్‌లో దొంగ జొరబడితే, జుట్టు సాపు చేయడానికి పొయ్యి మీద కాలుతున్న ఇనప దువ్వెన పట్టుకుని వీధి చివరిదాకా తరిమింది. కట్టుకథ కాదు, చూసినవాళ్ళున్నారు. డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చినా ఆమె నోటికి తాళం పడలేదు. అంతటి మనిషికీ ఒక పాట వినపడితే గుండెల్లో రాయి పడుతుంది.

ఆ పాట పేరు "వాకిట్లో నీ అడుగు." టాలివెట్స్ అని ముగ్గురు ఆడపిల్లల జట్టు పాడింది. వాళ్ళ రికార్డుల్లో ఆడింది అదొక్కటే, దానికి ముందూ వెనకా ఏమీ లేదు. అయినా ఆ ఒక్కటీ ఇన్నేళ్ళుగా చావలేదు. ఆదివారాలు రేడియోలో పాతపాటలు వేసే ఆయన దాన్ని వేయకుండా ఇంటికి వెళ్ళడు. పెళ్ళిళ్ళలో ముసలి జంటలు దానికి అడుగులు కలుపుతారు. ఆ పాట వాయిద్యాలతో మొదలవదు. ఒక ఆడగొంతు, పెదవులు మూసుకుని, మాటల్లేకుండా ఒక దీర్ఘం తీస్తుంది. ప్రార్థనలో మాటలు చాలనప్పుడు చర్చిలో పెద్దమ్మలు తీస్తారే, అలాంటిది. అది వినపడగానే పార్లర్‌లో కూర్చున్న ఆడవాళ్ళు తలల మీద నురగతోనే కళ్ళు మూసుకుంటారు. వెర్నెల్ మాత్రం దువ్వెన కింద పెట్టి, వెనక గదిలోకి పోయి, పాట అయ్యేదాకా మడతపెట్టిన తువ్వాళ్ళనే మళ్ళీ మడతపెడుతుంది.

"ఎందుకక్కా పారిపోతావు, నీ పాటే కదా" అని ఆటపట్టిస్తారు. టాలివెట్స్‌లో నడుమ నిలబడి పాడింది ఆమేనని పేటంతా నమ్మకం. గోడ మీద ఫోటో కూడా ఉంది, వెండిరంగు గౌనులో. ఫోటోలో ఉన్నది వెర్నెలే. గౌను ఆమెది కాదు. ఆ దీర్ఘమూ ఆమెది కాదు. అది ఎర్లీన్ అనే అమ్మాయిది. ఆ సంగతి ఏదో ఒకనాడు బయటపడుతుందని, అందరూ తన మొహాన ఉమ్మేస్తారని వెర్నెల్ పడుచుతనం నుంచీ భయపడుతూనే ఉంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పార్లర్ ఫోను మోగింది.

"ఎర్లీన్, నేనే, హార్లన్ బెండ్ నుంచి విల్లా మేని" అంది అవతలి గొంతు. "బతికే ఉన్నావా?"

వెర్నెల్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆ పేరుతో తనను పిలిచే ఊరు భూమ్మీద అదొక్కటే.

"ఉన్నానే" అంది.

"అయితే విను. మీ పాటకి మన ఊళ్ళో రాయి నిలబెడుతున్నాం. మదర్స్ డే ముందు రోజు. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పాలి. పాడమని అడగంలే, ఇప్పుడు మన గొంతులు వింటే కప్పలు ఊరు విడిచిపోతాయి."

"నాకు ఒంట్లో బాలేదు విల్లా."

"నీకు బాలేకపోతే నేనెప్పుడో పోయుండాలి. సాకులు చెప్పకుండా బస్సెక్కు."

ఫోను పెట్టాక కూడా వెర్నెల్ చెయ్యి దాని మీదే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అబద్ధం నోటి మాటగా ఉంది. ఇప్పుడది రాతి మీదికి ఎక్కబోతోంది. తను వెళ్ళి ఆ రాతి పక్కన నిలబడి ఔనంటే, చచ్చిన పిల్ల పేరు తను పూర్తిగా మింగేసినట్టే. కాదంటే, తనను కూతురిలా చూసుకున్న మనిషి పరువు ఆమె ఊళ్ళోనే తీసినట్టు. ఈ రెండింటి మధ్యా ఆమెకు ఆ రాత్రే కాదు, ఆ నెలంతా నిద్ర పట్టలేదు.

అసలు ఆమె ఎర్లీన్ ఎలా అయిందంటే, ఎత్తు సరిపోయి.

1966లో వెర్నెల్ ఇంకొకరి పార్లర్‌లో తలలు కడిగేది. తల్లి అప్పటికే పోయింది. ఆదివారాలు చర్చిలో పాడేది. గొంతు బాగుండేది, అంతే. విన్నవాళ్ళకి ఇంటికెళ్ళేసరికి గుర్తుండే గొంతు కాదు. టాలివెట్స్ వ్యవహారాలు చూసే మిస్టర్ బాస్కమ్ ఒకనాడు పార్లర్‌కి వచ్చి, ఆమెను అద్దంలో కిందికీ పైకీ చూసి, "ఈ పిల్ల ఎత్తు సరిపోతుంది" అన్నాడు. పాడమని కూడా అడగలేదు.

ఆ రోజుల్లో అది అలవాటైన వ్యాపారమే. పాట ఊరూరా మోగేది గాని, పాడినవాళ్ళ మొహాలు ఎవరికీ తెలియవు. చేతిలో పేరున్న పాట ఒకటి, ఒకే రకం గౌన్లు మూడు ఉంటే చాలు, ఏ ముగ్గురు పిల్లలనైనా కారెక్కించి దక్షిణాదంతా తిప్పేవాళ్ళు. రికార్డు మీద నడుమ పాడిన అమ్మాయి పేరు లోలా టాలివర్ అని వేశారు. "లోలా ఎవడితోనో కాలిఫోర్నియా వెళ్ళిపోయింది. ఇప్పట్నించి నువ్వే లోలావి" అన్నాడు బాస్కమ్.

నిజం క్లోటీ చెప్పింది. క్లోటీ అసలు జట్టులో పిల్లే, రికార్డు మీద వెనక పాడింది. వెండిరంగు గౌను వెర్నెల్‌కి వదులైతే నడుము దగ్గర పిన్నులు గుచ్చుతూ, "లోలా ఎక్కడికీ పోలేదే. చచ్చిపోయింది" అంది.

వెర్నెల్ గిరుక్కున ఆమె వైపు తిరిగింది.

"దాని అసలు పేరు ఎర్లీన్. కడుపునొప్పి కడుపునొప్పి అంటూనే ఊరూరా పాడింది. ఆపితే బుకింగులు పోతాయని బాస్కమ్ ఆపలేదు. ఆస్పత్రికి చేర్చేసరికే లోపలేదో పగిలిపోయింది. చికాగోలోనే స్మశానంలో కంచె పక్కన పూడ్చాం. రాయి కూడా వేయలేదు."

"వాళ్ళవాళ్ళకి చెప్పలేదా?"

"ఎక్కడని చెప్పను? ఊరి పేరెత్తేది కాదు. వాళ్ళమ్మ చర్చిలో పెద్ద మనిషంట. ప్రార్థనలో తీసే దీర్ఘాన్ని తీసుకొచ్చి బజారు పాటకి అతికించానని తెలిస్తే నా మొహం చూడదు అనేది. అందుకే పేరు మార్చుకుంది, ఉత్తరాలు మానేసింది. కదలకు, పిన్ను గుచ్చుకుంటుంది."

అలా చచ్చినదాని గౌను కట్టుకుని వెర్నెల్ స్టేజీ ఎక్కింది. పాట మొత్తం ఎలాగో లాక్కొచ్చేది గాని, మొదటి దీర్ఘం ఆమె వల్ల కాలేదు. ఎంత సాధన చేసినా అది కడుపులోంచి రాక ముక్కులోంచే వచ్చేది. చివరికి శాక్సొఫోన్ వాయించే ఆయనతో ఒక ఒప్పందానికొచ్చారు. ఆ చోట ఆయన గట్టిగా ఊదుతాడు, ఈమె కళ్ళు మూసుకుని మొహంలో బాధ చూపిస్తుంది. జనం ఈలలు వేసేవాళ్ళు. ఆ చోటు దాటేదాకా రోజూ వెర్నెల్ చేతులు మంచుగడ్డలయ్యేవి.

ఆగస్టులో వాళ్ళ కారు మిసిసిపీలో హార్లన్ బెండ్ అనే ఊరికి బయల్దేరింది. ఆ వేసవిలో ఉత్తరాది నంబరుతో నల్లవాళ్ళ కారు కనిపిస్తే చాలు, నల్లవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో రాయించడానికి వచ్చారని షెరీఫ్ మనుషులు వెంటపడేవాళ్ళు. ఊరికి ఇంకా దూరం ఉండగానే ఒక డిప్యూటీ కారు, షెరీఫ్ కింది తెల్ల పోలీసుది, వాళ్ళ వెనక చేరింది. ముందుకు దాటదు, వెనక్కి తగ్గదు. బాస్కమ్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, వేగం పెంచకుండా తగ్గించకుండా నడిపాడు.

ఊరి మొదట్లో పత్తి గోదాం గోడకి ఒక తెల్ల దుప్పటి కట్టారు. దాని మీద ఎర్రరంగుతో "మన ఎర్లీన్ ఇంటికొచ్చింది" అని రాసుంది.

క్లోటీ వేళ్ళు వెర్నెల్ మోకాలిని పట్టుకున్నాయి.

"ఇది దాని ఊరా?" అంది వెర్నెల్. ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టు ఆమెకే అనిపించలేదు.

"నాకేం తెలుసు?" బాస్కమ్ మెడ తుడుచుకున్నాడు. "బతికుండగా అడిగానా ఏమన్నానా?"

"తిప్పండి సార్ కారు."

"ఎటు తిప్పను? వెనక చూడు. దిగుతాం, పాడతాం, పోతాం. మోసమని ఒక్కడు అరిచాడా, వెనకున్న డిప్యూటీకి కావలసింది అదే. ఈ ఊరి జైల్లో మనమేమైనా చికాగోలో అడిగే దిక్కుండదు."

హాలు ముందు ఊరంతా గుమిగూడింది. అందరికంటే ముందు, చర్చికి పెట్టుకునే నీలం టోపీ పెట్టుకుని, పొడుగాటి ఆడమనిషి నిలబడింది. మిస్ ఓజెల్లా పెట్వే. ఎర్లీన్ తల్లి. కూతురిని పదమూడో ఏట పిన్నితో చికాగో పంపింది. ఆ పిన్ని పోయాక కబురు తెగిపోయింది. పొరుగింటి రేడియోలో ఆ దీర్ఘం విని, ఒళ్ళో చిక్కుడుకాయల చాట పడేసి లేచి, "అది నా బిడ్డ" అంది. ఊళ్ళో నవ్వారు. లోలా టాలివర్ ఎక్కడ, ఓజెల్లా కూతురెక్కడ అన్నారు. ఆమె వదల్లేదు. హాలువాళ్ళ చుట్టూ తిరిగి, తిట్టి, బతిమాలి, ఈ జట్టునే పిలిపించింది, గోడకి ఆ దుప్పటీ తనే కట్టించింది. ఇవాళ ఊరు ఆమె మాట నిజమో కాదో చూడటానికొచ్చింది.

వెర్నెల్ దిగింది. ఓజెల్లా ఆమె మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో వెలుగు రావడమూ, వెంటనే అది ఆరిపోవడమూ వెర్నెల్ అంత దగ్గర్నుంచి చూసింది. తల్లికి తెలిసిపోయింది. ఇక అరుస్తుంది అనుకుని వెర్నెల్ కళ్ళు మూసుకుంది.

అరుపు రాలేదు. ఓజెల్లా చూపు వెర్నెల్ భుజం మీదుగా, దుమ్ములో వచ్చి ఆగిన డిప్యూటీ కారు దాకా వెళ్ళింది. తర్వాత ఆమె చేతులు చాపి వెర్నెల్‌ను గుండెకు అదుముకుంది.

"ఎంత చిక్కిపోయావే తల్లీ" అంది అందరికీ వినపడేలా. "చికాగోలో మీకు తిండి పెట్టరా?"

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో, మొహాన నవ్వు చెదరకుండా, ఓజెల్లా ఆమె చెవిలో అడిగింది.

"నా బిడ్డేది?"

"కాలిఫోర్నియాలో ఉంది" అంది వెర్నెల్. "బాగుంది. మిమ్మల్ని అడిగింది."

ఓజెల్లా ఆమెను వదిలిపెట్టి, చెయ్యి పట్టుకుని, ఇంటికి తీసుకుపోయింది.

భోజనాల బల్ల నిండా వండిపెట్టింది. ఉడికించిన పంది మెడ ఎముకలు, వెన్న చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె, పీచ్ పళ్ళతో చేసిన తీపి. చుట్టూ చుట్టాలు. ఎవరు ఏం అడుగుతారో, ఏ మామయ్య పేరు తను చెప్పలేకపోతుందో అని వెర్నెల్ ఒక్కొక్క మొహాన్నీ చూస్తోంది. ఎదురుగా విల్లా మే కూర్చుంది. ఎర్లీన్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్న పిల్ల. ఆమె చూపు వెర్నెల్ చేతి మీదే ఉంది.

"ఎడమచెయ్యి ఎప్పుడు మానేశావే?" అంది విల్లా మే. "టీచరమ్మ బెత్తం విరగ్గొట్టినా మానలేదుగా."

వెర్నెల్ తన కుడిచేతిలోని చెంచా వైపు చూసుకుంది.

"చికాగోలో బల్లలు ఇరుకు" అంది క్లోటీ. "ఎడమచేత్తో తింటే పక్కవాళ్ళ పళ్ళు రాలతాయి."

అందరూ నవ్వారు. విల్లా మే కూడా నవ్వింది, కానీ ఒకరి తర్వాత ఒకరుగా ఓజెల్లానూ వెర్నెల్‌నూ చూసి తల దించుకుంది. ఓజెల్లా ఇంకో రొట్టెముక్క తెచ్చి వెర్నెల్ పళ్ళెంలో పెట్టింది. "తిను" అంది. "పాడాలి కదా."

సాయంత్రానికి హాలులో కాలు పెట్టే చోటు లేదు. గుమ్మానికి ఆనుకుని డిప్యూటీ నిలబడ్డాడు, బొటనవేలు తుపాకీ బెల్టులో పెట్టుకుని. ఓజెల్లా ముందు వరసలో నడుమ కూర్చుంది. జట్టు స్టేజీ మీదికొచ్చింది. శాక్సొఫోన్ పెదవుల దాకా లేచింది.

"ఆ బూర దించవయ్యా" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. "దాన్ని మేం ఎక్కడైనా వింటాం. మా పిల్ల గొంతు విననీ."

"దించు, దించు" అన్నారు ఇంకొందరు. ఆయన వెర్నెల్ వైపు జాలిగా చూసి బూర దించేశాడు.

వెర్నెల్ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ గాలే.

చర్చిలో పాడేవాళ్ళు తడబడితే అక్కడివాళ్ళు ఊరుకోరు. కూర్చున్నచోటి నుంచే ధైర్యం చెబుతారు. "నిమ్మళంగా తల్లీ" అంది ఒకామె. "నిమ్మళంగా, తొందరేం లేదు" అన్నాడు ఒక ముసలాయన. వాళ్ళు ఎంత ప్రేమగా అంటుంటే వెర్నెల్‌కి అంత భయం ముంచుకొచ్చింది. డిప్యూటీ గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశాడు. అది చూసి క్లోటీకి మతి పోయింది. మైకు ముందున్నానని మరిచిపోయి, "వెర్నెల్, ఏదో ఒకటి పాడవే" అనేసింది.

ఆ పేరు హాలంతా మోగింది. వెర్నెల్ డిప్యూటీ వైపు చూసింది. అయిపోయింది అనుకుంది. ఇక జైలు, ఇక చావు అనుకుంది.

అప్పుడు ముందు వరసలోంచి ఆ దీర్ఘం లేచింది.

పెదవులు మూసుకుని ఓజెల్లా తీస్తోంది. రికార్డు మీద ఉన్నదే, అయితే ఇంకా పాతది, ఇంకా లోతైనది. కూతురు ఎక్కడ నేర్చిందో ఆ చోటినుంచే వస్తోంది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఓజెల్లా తీస్తూనే లేచింది, తీస్తూనే మెట్లెక్కి వెర్నెల్ పక్కకొచ్చి, ఆమె చల్లటి చెయ్యి పట్టుకుంది. దీర్ఘం ఎక్కడ దిగుతుందో అక్కడ వెర్నెల్ మొదటి చరణం అందుకుంది. ఎలా అందుకుందో ఇప్పటికీ ఆమెకు తెలియదు. జనం లేచి నిలబడ్డారు, ఏడ్చారు, అడుగులు వేశారు. తల్లీకూతుళ్ళు కలిసి పాడారని చెప్పుకున్నారు.

పాట అయింది. చప్పట్ల హోరులో ఓజెల్లా మళ్ళీ ఆమెను దగ్గరికి తీసుకుంది.

"ఇప్పుడు నిజం చెప్పు. బతికుందా?"

ఆ దీర్ఘం విన్నాక వెర్నెల్ నాలుక ఇంకో అబద్ధానికి తిరగలేదు. ఆ భుజం మీద తల పెట్టి, లేదని ఊపింది. తన చేతుల్లో ఆ ఒళ్ళు బరువెక్కిపోవడం తెలిసింది. పడిపోతుందని గట్టిగా పట్టుకుంది. ఓజెల్లా పడలేదు. ఊపిరి తీసుకుంది, జనం వైపు తిరిగింది, వెర్నెల్ చెయ్యి పైకెత్తి, "నా పిల్ల" అంది.

డిప్యూటీ గుమ్మం బయట ఉమ్మేసి కారెక్కాడు.

తన అసలు పేరు మైకులో పడింది కాబట్టి, ఎవరో ఒకరు అడుగుతారని వెర్నెల్ ఆ రాత్రంతా చూసింది. ఒక్కరూ అడగలేదు. అందరూ ధైర్యం చెబుతున్న సందడిలో వినపడి ఉండదని తనకు తనే చెప్పుకుంది. చికాగో చేరగానే గౌను విప్పి బాస్కమ్ మొహాన కొట్టి, తలలు కడగడానికి వెళ్ళిపోయింది. టాలివెట్స్ అక్కడితో సరి.

ఆ ఊరు విడిచి వచ్చే ముందు ఓజెల్లా ఒక్క మాట అంది. "ఊరికి మొహం చూపిస్తూ ఉండు, లేకపోతే నా మాట అబద్ధమంటారు." అందుకని మరుసటి మే నెలలో, మదర్స్ డేకి, వెర్నెల్ హార్లన్ బెండ్ వెళ్ళింది. ఆ రోజు చర్చిలో తల్లి బతికున్నవాళ్ళు ఎర్రపువ్వు పెట్టుకుంటారు, తల్లి పోయినవాళ్ళు తెల్లపువ్వు. వెర్నెల్ చిన్నప్పటి నుంచీ తెల్లదే పెట్టుకునేది. ఆ ఉదయమూ అలవాటు కొద్దీ తెల్ల గులాబీ గుచ్చుకుని, ఓజెల్లా వెనకే చర్చి మెట్లెక్కింది. తల్లి పక్కనుండగానే కూతురు తెల్లపువ్వుతో రావడం. గుమ్మంలోకి వచ్చాక గాని చూసుకోలేదు. చూసుకున్నాక కాళ్ళు ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు.

గుమ్మం దగ్గర తెల్లటి చేతితొడుగులతో విల్లా మే నిలబడి, వచ్చినవాళ్ళను కూర్చోబెడుతోంది. ఆమె ఆ పువ్వు చూసింది. పక్కనున్న పళ్ళెంలోంచి ఎర్రపువ్వు తీసింది, మాట్లాడకుండా తెల్లది ఊడదీసి తన జేబులో వేసుకుని, ఎర్రది గుచ్చింది. "మూడో వరస" అంది.

ఓజెల్లా బతికున్నంతకాలం వెర్నెల్ ఏటా వెళ్ళింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎడమచేత్తో తినేది. తలుపులు మూసుకున్నాక మాత్రం ఓజెల్లా అడిగేది. కంచె ఏ వైపుంది, చెట్టు నీడ పడుతుందా, గడ్డి ఎవరు కోస్తారు. నేనే కోస్తానమ్మా అనేది వెర్నెల్. "ఒకసారి రండి, చూపిస్తాను" అంటే ఓజెల్లా తల అడ్డంగా ఊపేది. "వస్తే ఏడుస్తాను. ఏడ్చి వచ్చిన మొహం ఊళ్ళో ఎక్కడ దాచుకోను?"

ఒకసారి వెర్నెల్ ఆమె తల దువ్వుతుంటే అంది. "నా దీర్ఘం బజారుకెక్కించిందని కోప్పడతాననుకుందా నా పిచ్చిపిల్ల? దొంగిలించుకుపోయింది, పోనీ. నా దగ్గర నా బిడ్డ కాక ఇంకెవరు దొంగిలిస్తారు?" ఇంటి పక్కన ఎవరికీ వినపడకుండా, నోటికి దిండు అదుముకుని ఏడ్చింది. తన వల్ల ఈ తల్లి గొంతెత్తి ఏడ్చే భాగ్యం కూడా పోగొట్టుకుందని వెర్నెల్‌కి అనిపించింది. గౌను తీసుకున్నాను, పాట తీసుకున్నాను, చివరికి తల్లిని కూడా తీసుకున్నాను అనుకుంది. ఓజెల్లా పోయినప్పుడు చర్చిలో మొదటి వరసలో కూతురి స్థానంలో కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. క్లోటీ కూడా పోయింది. నిజం తెలిసినవాళ్ళలో తనొక్కతే మిగిలాననుకుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ బస్సెక్కింది. నిజం చెప్పేయాలని మెంఫిస్ దాకా అనుకుంది. మెంఫిస్ దాటాక వద్దనుకుంది. ఓజెల్లా పరువు గుర్తొచ్చింది. ఊరు దగ్గరపడ్డాక, అబద్ధం పట్టుకుని చచ్చిపోతే పైలోకంలో ఎర్లీన్‌కి మొహం ఎలా చూపిస్తానని మళ్ళీ మనసు మార్చుకుంది.

పాత హాలు కూలిపోయింది. ఆ ఖాళీ జాగాలో కుర్చీలు వేశారు. ముందు రాతి మీద గుడ్డ కప్పి ఉంది. విల్లా మే వచ్చింది. చేతికర్ర, అవే తెల్లటి చేతితొడుగులు. వెర్నెల్‌ను పట్టుకుని మైకు దగ్గరికి తెచ్చి నిలబెట్టింది.

వెర్నెల్ కుర్చీల వైపు చూసింది. ముసలివాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. "నేను..." అంది. నేను ఎర్లీన్‌ని కాదు అని చెప్పాలి. మాట రాలేదు. ఆనాటి సాయంత్రం ఈ హాల్లోనే పాట రానట్టు.

"నిమ్మళంగా తల్లీ" అంది కుర్చీల్లోంచి ఒకామె.

"తొందరేం లేదు" అన్నాడు ఇంకొకాయన.

విల్లా మే చెయ్యి ఆమె వీపు మీద పడింది. "నిమ్మళంగా, వెర్నెల్" అంది.

వెర్నెల్ మెల్లగా తిరిగి చూసింది. విల్లా మే మొహంలో ఎగతాళి లేదు.

"ఆ పేరు నీకెలా..."

"మీ క్లోటీ మైకులో చెప్పింది కదే. హాలంతా వింది. చెవిటి మోజెస్ కూడా విన్నాడు."

"మరి ఒక్కరూ..."

"గుమ్మంలో తుపాకీతో వాడున్నాడు. ఓజెల్లా నిన్ను నా పిల్ల అంది. ఆవిడ అన్నాక కాదనడానికి మేమెవరం? తర్వాత నువ్వు తెల్లపువ్వు పెట్టుకొచ్చావు. ఓహో, దీనికి తల్లి లేదు, ఆవిడకి బిడ్డ లేదు, మధ్యలో మాదేం పోయిందిలే అనుకున్నాం."

కుర్చీల్లో ముసలివాళ్ళు తలలూపారు. వెర్నెల్ వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం వచ్చింది.

"ఇన్నేళ్ళు నన్ను భయంతో చంపారు కదే. ఎడమచేత్తో తిన్నాను మీకోసం."

"చూశాంలే. సగం నీ ఒళ్ళోనే పోసుకునేదానివి."

విల్లా మే కర్ర ఊతంగా రాతి దగ్గరికి పోయి గుడ్డ లాగింది. పాట పేరు ఉంది. కింద ఎర్లీన్ పెట్వే అని ఉంది, పుట్టిన సంవత్సరం ఉంది, పక్కన ఒక గీత. గీత తర్వాత, చనిపోయిన సంవత్సరం ఉండాల్సిన చోట, చెక్కకుండా వదిలేశారు.

"ఓజెల్లా ఉన్నంతకాలం అడగడానికి మాకు నోరు రాలేదు" అంది విల్లా మే. "తర్వాత నువ్వు రావడం మానేశావు. ఇప్పుడు చెప్పు తల్లీ. మా పిల్లని ఎక్కడ పెట్టారు?"

వెర్నెల్ మైకు వదిలేసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"చికాగోలో, కంచె పక్కన" అంది. "గడ్డి నేనే కోస్తున్నాను."